గోడవైపు తిరిగిన అంకెలు

మా అక్క, కళ్ళద్దాల షాపుకి వచ్చిన పిల్లల కళ్ళు పరీక్ష చేసేటప్పుడు ముందుగా చార్టు చూపించదు. చార్టుకి గుడ్డ కప్పి ఉంచుతుంది. పిల్లనో పిల్లాణ్ణో కుర్చీలో కూర్చోబెట్టి, తను గుమ్మం దాకా వెళ్ళి నిలబడి, "ఇక్కడ మార్కులేం వెయ్యను. కనపడకపోతే కనపడట్లేదని చెప్పు. అది కూడా కరెక్టు జవాబే" అంటుంది. మాట పిల్లలకే అయినా, అనేటప్పుడు చూసేది పక్కన నిలబడ్డ తల్లిదండ్రుల్ని. కొందరికి ఒళ్ళు మండుతుంది. అంత చార్టు పెట్టుకుని చేతివేళ్ళు చూపిస్తుందేమిటండీ ఈవిడ అని నా దగ్గర గొణుగుతారు. అలాంటివాళ్ళకి నేను ఈ కథ చెప్తాను. కాస్త కోపంగానే చెప్తాను. ఇన్నేళ్ళయినా ఆ కోపం తగ్గలేదు, అందులో సగం నామీద నాకే.

షాపు మా నాన్నది. ముందు గది అద్దాలు అమ్మడానికి, వెనక గది పరీక్షకి. ఆ వెనక ఇంకో ఇరుకు గదిలో సానరాయి. అద్దాన్ని ఫ్రేము కొలతకి అంచులు అరగదీసేది దానిమీదే. పైన మేడమీద మేము. అమ్మ అక్కడ మిషను పెట్టుకుని కళ్ళజోళ్ళ పెట్టెలకి గుడ్డ సంచులు కుట్టేది. నాన్నని ఊళ్ళో అందరూ కళ్ళద్దాలాయన అనేవారు. తెల్లకోటు వేసుకునేవాడు. వేసుకోమని ఎవరూ అడగలేదు, వద్దని చెప్పే ధైర్యమూ ఎవరికీ లేదు. పెళ్ళికి ముందు పదకొండేళ్ళు కంటి ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారి వెనక టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాడట. డాక్టరుగారు చేసేదంతా చూశాడు, అన్నీ అర్థమయ్యాయి, ఏదీ తను చెయ్యడానికి లేదు. ఆ బాధ ఆయనకి ఎప్పుడూ పోలేదు. పిల్ల పుట్టగానే దాన్ని ఆ పిల్లకి అప్పగించేశాడు.

షాపు బోర్డుమీద పైన షాపు పేరు, కింద నాన్న పేరు, దాని కింద జానెడు ఖాళీ ఉండేది. ఎవరైనా అడిగితే, "అది మా పెద్దమ్మాయిది. డాక్టరయ్యాక రాయిస్తా" అనేవాడు. అప్పటికి అక్కకి నాలుగేళ్ళు. అసలు పేరు ఒకటి పెట్టారుగానీ, స్కూల్లో చేర్పించిన రోజు తప్ప నాన్న ఆ పేరు మళ్ళీ పలకలేదట. డాక్టరమ్మా అని పిలిచేవాడు. డాక్టరమ్మా పాలు తాగావా, డాక్టరమ్మా లెక్కలు అయ్యాయా. నన్నేమో పిడుగు అనేవారు. నామీద ఎవరూ ఏ ఆశా పెట్టుకోలేదు. అది నా అదృష్టమని అప్పట్లో తెలియక కుళ్ళుకుని చచ్చేదాన్ని.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఏటా స్కూలు పరీక్షలు అయిన తర్వాతి ఆదివారం నాన్న అక్కని కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు పరీక్ష చేసేవాడు. గది చిన్నది కాబట్టి చార్టు కుర్చీ వెనక, తలకి పైన గోడమీద ఉండేది. ఎదురు గోడకి నిలువుటద్దం. చార్టులో అంకెలు తిరగేసి అచ్చువేసి ఉంటాయి, అద్దంలో చూస్తే సరిగ్గా కనపడతాయి. నాన్న నల్లటి మూత కర్రతో ఒక కన్ను మూసి, చదవమంటాడు. అక్క పైనుంచి కింద వరస దాకా గడగడా చదివేది. తర్వాత రెండో కన్ను. అదీ గడగడా. నాన్న ఒక కార్డుమీద తేదీ వేసి, రెండు కళ్ళకీ పూర్తి చూపు అని రాసి, కౌంటరు గాజు పలక కింద పెట్టేవాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. పనిలో పనిగా, "పిల్లల కళ్ళు అయిదేళ్ళకే చూపించాలండీ. ఒక కన్ను మొద్దుబారినా పిల్లలకి తెలీదు, రెండోదాంతో లాగించేస్తారు. పదేళ్ళు దాటాక ఎవరూ ఏమీ చెయ్యలేరు" అని ఉపన్యాసం ఇచ్చేవాడు. ఆ ఉపన్యాసం నాకు కూడా కంఠతా వచ్చు.

అక్కకి ఎడమ కన్ను కనపడదు.

పూర్తిగా గుడ్డి కాదు. వెలుతురు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది, అంతే. పుట్టుకనుంచీ అంతే. బయటికి మాత్రం ఆ కన్ను కుడికన్నులాగే చక్కగా ఉండేది. ఆరేళ్ళప్పుడు నాన్న మొదటిసారి ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. అప్పటికి రెండేళ్ళుగా అక్క స్కూలు అయ్యాక సాయంత్రాలు ఆ గదిలోనే మూల స్టూలుమీద కూర్చుని, వచ్చినవాళ్ళు చదువుతుంటే వినేది. నాలుగు. ఏడు, రెండు. అయిదు, తొమ్మిది, మూడు. పాటలాగా మొత్తం నోటికి వచ్చేసింది. నాన్న చదవమంటే, చదవడమంటే అప్పజెప్పడమే అనుకుంది అక్క. రోజూ ఆయన అప్పజెప్పించుకునే ఎక్కాల్లాంటిదే ఇదీ అనుకుంది. కుడికన్ను మూశాక అద్దంలో ఏమీ కనపడకపోతే, కళ్ళు మూసుకుని ఎక్కాలు చెప్పడం లాంటిదేలే అనుకుని కింద వరసదాకా చెప్పేసింది. నాన్న దాన్ని ఎత్తుకుని గది అంతా తిప్పాడట. అబద్ధమాడాలని ఆరేళ్ళ పిల్లకి తోచలేదు. అలాంటి పొరపాటు కళ్ళద్దాల షాపులో పెరిగిన పిల్ల ఒక్కతే చెయ్యగలదు.

తొమ్మిదేళ్ళు వచ్చేసరికి దానికి తెలిసింది. ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని, "ఏం కనపడట్లేదు బాబూ" అంటే, నాన్న విసుక్కోకుండా వేరే అద్దం పెట్టడం చూసింది. అంటే చూసి చెప్పాలన్నమాట అని అర్థమైంది. అప్పటికి గాజు పలక కింద నాలుగు కార్డులు చేరాయి.

నాకు తెలిసింది మాత్రం నాకు ఎనిమిదేళ్ళు, దానికి పన్నెండు ఉన్నప్పుడు. మేడమీద దాగుడుమూతలు ఆడుతూ నేను దాని కుడికన్ను చేత్తో మూసి, ఎడమకన్ను ముందు నాలిక బయటపెట్టి వెక్కిరించాను. దాని ముఖంలో ఏ మార్పూ లేదు. మళ్ళీ వెక్కిరించాను. "ఏం చేస్తున్నావే?" అంది.  చెయ్యి తీసేశాను. 

"నాన్నకి చెప్పెయ్యవే" అన్నాను.

"చెప్తే?"

"అద్దాలు పెడతాడు. బోలెడన్ని ఉన్నాయి కదా షాపులో."

అక్క గోడకి ఉన్న పటం వైపు చూసింది. కంటి లోపలి భాగాల పటం అది, నాన్న దాని మంచం ఎదురుగా అంటించాడు. "చెప్తే నేను డాక్టర్ని కాలేను. అప్పుడు నాన్న నన్నేమని పిలుస్తాడే?" అంది.

అది దిగులుతో అన్న మాట కాదు. నిజంగానే అడిగింది.  ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాను. ఆ ఒట్టు ఎందుకు వేశానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఎనిమిదేళ్ళ పిల్లవి నీకేం తెలుసు అని అక్క అంటుంది. అదే కదా, మొదటిసారి చదివినప్పుడు దానికీ ఆరేళ్ళే.

నిజానికి మా ఇంట్లో కళ్ళున్నవాళ్ళెవరైనా కనిపెట్టాల్సింది. అక్క గ్లాసులోకి నీళ్ళు వంపితే సగం బయటే పడేవి. బంతి విసిరితే ముక్కుమీదే పట్టుకునేది. మెట్లు దిగేటప్పుడు చివరి మెట్టు దగ్గర కాలితో వెతుక్కునేది. అమ్మ, "కళ్ళెక్కడ పెట్టుకున్నావే" అని కసిరేది. వెంటనే నాన్న వెనకేసుకొచ్చేవాడు. "దాని ధ్యాసంతా చదువుమీద ఉంది. నీళ్ళు పోతే పోయాయి, తుడిచెయ్యి" అనేవాడు. ఇంకెవరి పిల్లయినా అయితే ఆ మాట వినగానే కుర్చీలో కూర్చోమనేవాడు. సొంత పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన చూసింది పిల్లని కాదు, బోర్డుమీది ఖాళీని. నేను ఇలా అంటే అక్కకి నచ్చదు. నచ్చకపోతే పోనీ.

అక్కకి ఇష్టమైన చోటు సానరాయి గది. అద్దం అంచు అరిగిందో లేదో అది బొటనవేలితో తడిమి చెప్పేసేది, చూడక్కర్లేదు. రాయి తిరిగే చప్పుడుని బట్టి ఎక్కడ ఎక్కువ నొక్కుతున్నామో చెప్పేది. నాన్న చూస్తే మాత్రం చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చేవాడు. "ఇది నీ పని కాదు డాక్టరమ్మా. ఈ పని చేసేవాళ్ళు నీకోసం బయట నిలబడతారు" అనేవాడు. అక్క వేళ్ళకంటిన తడి గాజుపొడి గౌనుకి తుడుచుకుని లెక్కల పుస్తకం తీసేది.

నాకు తెలిసిన ఆ ఏడాదే నాన్న పాత చార్టు తీసేసి కొత్తది కొన్నాడు. చార్టు కాదు, దీపం పెట్టె. నాలుగు పక్కలా నాలుగు పలకలు, లోపల బల్బు. పాత చార్టు ఉన్నచోటే, పక్కగోడకి దగ్గరగా బిగించాడు. పక్కన మర తిప్పితే టక్కుమని చప్పుడై ఒక్కో పలకా ముందుకు వస్తుంది. నాలుగు పలకలకీ నాలుగు రకాలుగా తిరగేసిన అంకెలు. ఆదివారం దాన్ని మొదలుపెట్టాలని, రోజూ వచ్చే నలుగురైదుగురు ఖాతాదారుల్ని, స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌ని రమ్మన్నాడు. ఆవిడకి నచ్చితే స్కూలు పిల్లలందరి పరీక్షా ఆయనకే ఇస్తుంది. మొదట కూర్చునేది ఎవరో చెప్పక్కర్లేదు కదా.

గురువారం సాయంత్రం పెట్టె వచ్చింది. అక్క ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు నేను స్కూలు ఎగ్గొట్టి, కడుపునొప్పి అని అమ్మకి చెప్పి, నాన్న బ్యాంకుకి వెళ్ళిన సమయంలో స్టూలు ఎక్కి నాలుగు పలకలూ కాగితంమీద ఎక్కించాను. శుక్రవారం, శనివారం అక్కచేత చదివించాను. దానికి ఒక్క గంటలో వచ్చేశాయి. నాకు కూడా వచ్చేశాయి. నా జీవితంలో నేను కష్టపడి చదివిందంటే అదొక్కటే. గుర్తు ఏమిటంటే టక్కు శబ్దం. మొదటి పలక దానంతటదే ఉంటుంది, ఒక టక్కుకి రెండోది, రెండు టక్కులకి మూడోది. ఎడమకంటి వంతు వచ్చినప్పుడు చూడక్కర్లేదు, లెక్కపెట్టుకుంటే చాలు. మా తెలివికి మేమే మురిసిపోయాం.

ఆదివారం పొద్దున పది గంటలకి వెనక గది నిండిపోయింది. హెడ్‌మిస్ట్రెస్‌కి కుర్చీ వేశారు. ఒకావిడ అయిదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది, రెండు పిలకల పిల్ల. అమ్మ గుమ్మంలో నిలబడింది. అక్క కుర్చీలో కూర్చుంది. నాన్న తెల్లకోటు ఇస్త్రీ మడతలతో నిగనిగలాడుతోంది.

కుడికన్ను అయింది. నాలుగు పలకలూ చదివింది, అన్నీ సరిగ్గా. నాన్న మర తిప్పి మళ్ళీ మొదటి పలకకి తెచ్చి, మూత కర్ర కుడికంటికి అడ్డం పెట్టాడు. "చదువు డాక్టరమ్మా."

మొదటి పలక చదివింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. నాన్న రెండో చేత్తో మర తిప్పాడు. టక్. అద్దం వైపు చూడలేదు, అందరి ముఖాలూ చూస్తున్నాడు. అక్క లెక్కపెట్టుకుంది, మొదలుపెట్టింది. "ఆరు. మూడు, ఎనిమిది. రెండు, అయిదు, నాలుగు..."

నేను అద్దంలోకి చూశాను. పెట్టె తిరగలేదు. మర తిరిగింది, టక్కుమంది, కానీ లోపల స్క్రూ వదులై పలక కదల్లేదు. మొదటి పలకే ఇంకా వెలుగుతోంది. దగ్గుదామనుకున్నాను, రాలేదు. అక్క కింద వరసదాకా ఒక్క తప్పు లేకుండా చదువుకుంటూ పోయింది.

"అమ్మా, ఆ అక్క తప్పు చెబుతోంది" అంది పిలకల పిల్ల. "అక్కడ తొమ్మిది ఉంది కదా. ఆరు అంటోందేం?"

వాళ్ళమ్మ పిల్ల నోరు మూసింది. నాన్న నవ్వుతూనే అద్దం వైపు తిరిగాడు. అద్దంలోకి చూశాడు, అక్క ముఖం చూశాడు. తర్వాత పెట్టెని రెండు చేతులతో పట్టుకుని, పక్కగోడవైపు ఉన్న పలకని మెల్లగా ముందుకి తిప్పాడు. ఆరు. మూడు, ఎనిమిది. రెండు, అయిదు, నాలుగు. అక్క చదివినవన్నీ అక్కడున్నాయి, గోడకి ముఖం పెట్టుకుని ఉన్న పలకమీద.

గదిలో ఆ సంగతి అర్థమైంది ముగ్గురికే. నాన్న మూత కర్ర తీసి జేబులో పెట్టుకున్నాడు. "స్క్రూ వదులైందండీ. బాగుచేయించి మళ్ళీ కబురు చేస్తాను" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. అందరినీ గుమ్మందాకా సాగనంపి, పిలకల పిల్ల బుగ్గ నిమిరి, షట్టరు దించేశాడు. ఆ షాపు ఆదివారం పొద్దున మూయడం అదే మొదటిసారి.

వెనక గదికి వచ్చి అద్దాల పెట్టె తెరిచాడు. ఒక్కో అద్దం తీసి అక్క ఎడమకంటి ముందు పెట్టాడు. ఇది? ఇది? ఇప్పుడు?  పెట్టెలో ఉన్న అద్దాలన్నీ అయిపోయాయి. 

"ఎప్పటినుంచి?" అన్నాడు.

"మొదటినుంచీ."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు చదవమన్నావు నాన్నా. చదివాను" అంది అక్క. "కనపడుతోందా అని ఎప్పుడూ అడగలేదు."

నాన్న స్టూలుమీద కూలబడ్డాడు. అమ్మ ఏమైనా అంటుందేమో, గొడవ అవుతుందేమో అని నేను బిక్కచచ్చి నిలబడ్డాను. అమ్మ ఒక్క మాటే అంది. "దాన్నేం అనకండి. పన్నెండేళ్ళుగా మనిద్దరం దాని ముఖంలోకి చూస్తూనే ఉన్నాం." అని మేడమీదికి వెళ్ళిపోయింది. తర్వాత మిషను చప్పుడు వినపడలేదు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళారు, నాన్న పదకొండేళ్ళు టార్చిలైటు పట్టుకున్న ఆసుపత్రికే. పాత డాక్టరుగారు లేరు, ఇప్పుడు ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. నిజం డాక్టరమ్మ. నాన్న షాపులో అందరికీ ఇచ్చే ఉపన్యాసమే ఆవిడ నాన్నకి ఇచ్చింది. అయిదేళ్ళకే తీసుకురావాల్సింది అంది. మీది ఏం పని అని అడిగితే, నాన్న కాస్త ఆగి, కళ్ళద్దాల షాపు అన్నాడట. బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేసి, రెండో కంటిచేత పని చేయించి చూడండి, కొంచెం రావచ్చు, రాకపోవచ్చు, నేనైతే మాటివ్వను అంది. ఆపరేషన్లు చేసే డాక్టరుకి రెండు కళ్ళూ కలిసి పనిచెయ్యాలని ఆవిడ చెప్పక్కర్లేదు, నాన్నకి తెలుసు.

ఇంటికి వచ్చాక నాన్న మూడు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. గాజు పలక ఎత్తి ఆ ఆరు కార్డులూ తీసి ఏం చేశాడో తెలీదు, మళ్ళీ కనపడలేదు. అక్క పట్టీ వేసుకుని గోడలు తడుముకుంటూ తిరిగేది. నాన్న దాన్ని ఏమనీ పిలవడం లేదు. అక్క భయపడింది సరిగ్గా అదే. ఆయన అన్నం దగ్గర, "నీళ్ళు కావాలా" అనేవాడు, ఎవరిని అడుగుతున్నాడో తెలియకుండా. నాకు ఆయన్ని కొట్టాలనిపించేది. నేను చిన్నదాన్ని కాబట్టి ఆయన చెప్పులు తీసుకెళ్ళి మంచం కింద దాచాను.

నాలుగో రోజు సాయంత్రం అక్కని కిందికి రమ్మన్నాడు. నేనూ వెనకాల వెళ్ళాను. దీపం పెట్టెకి అమ్మ కుట్టిన గుడ్డ కప్పి ఉంది. నాన్న కోటు వేసుకోలేదు. కుర్చీని ముందు గదివైపు తిప్పి అక్కని కూర్చోబెట్టి, కుడికంటికి పట్టీ సరిచేసి, తను వెళ్ళి ముందు గదికి అవతల, వీధి గుమ్మంలో నిలబడ్డాడు. చెయ్యి ఎత్తాడు.

"ఎన్ని వేళ్ళు?"

"మూడు" అంది అక్క వెంటనే.

"ఊహించి చెప్పకు. కనపడకపోతే కనపడట్లేదని చెప్పు. ఎన్ని?"

అక్క పెదవులు కదిలాయి, మాట రాలేదు. పరీక్షలో జవాబు తెలియదని చెప్పడం దానికి అలవాటు లేదు, ఎవరూ నేర్పలేదు. చివరికి, "కనపడట్లేదు నాన్నా" అంది. అని ఏడ్చింది.

నాన్న ఒక అడుగు ముందుకి వేశాడు. "ఇప్పుడు?"

"కనపడట్లేదు."

ఇంకో అడుగు. "ఇప్పుడు?"

"లేదు."

అద్దాల అలమరాలు దాటాడు, కౌంటరు దాటాడు, వెనక గది గుమ్మం దాటాడు. అడుగు అడుగుకీ ఆగి అడిగాడు, అడిగిన ప్రతిసారీ అక్క లేదంది. ఏడుపు మధ్యలోనే చెప్పింది, ఒక్కసారి కూడా ఊహించలేదు. కుర్చీకి నాలుగడుగుల దూరంలోకి వచ్చాక నాన్న ఆగాడు. చెయ్యి ఇంకా పైకి ఎత్తే ఉంది.

"ఇప్పుడు కనపడుతోందా, తల్లీ?"

అక్క కన్ను చికిలించి చూసింది. "రెండు" అంది. "రెండు వేళ్ళు."

నాన్న జేబులోంచి కొత్త కార్డు తీశాడు. తేదీ వేసి, ఎడమ కన్ను, నాలుగడుగులు అని రాశాడు. తీసుకెళ్ళి గాజు పలక కింద, అందరికీ కనపడేచోట పెట్టాడు.